పిచ్చయ్య వంతు

దయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే నేను అడిగే ప్రశ్న ఒకటే: అప్పుడు వెలుతురు ఎంత ఉంది? చాలామంది తడబడతారు. నేను ఓవర్సీరు చదువు చదువుకుని, రోడ్ల పనిలో చేరినవాణ్ణి. కొలవడానికి వీల్లేనిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు, ఇప్పటికీ లేదు. కానీ నాకు జరిగినదానికి వెలుతురు లోటేమీ లేదు. మిట్టమధ్యాహ్నం జరిగింది. నేను ఒంటరిగా కూడా లేను.

ఊరి పేరు రాయను. అక్కావాళ్ళ ఇల్లు ఇంకా అక్కడే ఉంది. పామర్రు దాటి బందరు వైపు వస్తుంటే ఒకచోట రోడ్డు కాలవతోపాటు ఒక్కసారిగా వంగుతుంది. ఎడమవైపు ఇళ్ళు, కుడివైపు కాలవగట్టు. కాలవ మీద కాలిబాట వంతెన, వంతెన అవతల బడి. మలుపు దగ్గరున్న గడ్డివాముల వల్ల వచ్చే బండి దగ్గరికి వచ్చేదాకా కనిపించదు.

గుడివాడ నుంచి బందరుకు ఇద్దరు యజమానుల బస్సులు పోటీ మీద తిరిగేవి. ముందు వచ్చిన బస్సుకే జనం దక్కుతారు. అందుకని ఆ మలుపులో కూడా డ్రైవర్లు వేగం తగ్గించేవాళ్ళు కాదు, బూరా మోగించుకుంటూ దూసుకుపోయేవాళ్ళు. మేకలు పోయాయి, ఒక ముసలామె కాలు పోయింది.

మా అక్క భయం వేరు. ఆమె కూతురు చిట్టికి ఏడేళ్ళు. చిన్నప్పుడు విషజ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. బూరా ఎంత మోగినా ఆ పిల్లకు లేనట్టే. బడి రోడ్డుకు అవతల. బావ ఆ బడిలోనే మేష్టరు. ఉదయం తనతో తీసుకెళ్ళేవాడు గానీ, మధ్యాహ్నం అన్నానికి పిల్ల ఒక్కతే వచ్చేది. అక్క గుమ్మంలో నిలబడి ఊపిరి బిగబట్టుకుని చూసేది.

ఒకసారి నేను వెళ్ళినప్పుడు ఊళ్ళో పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడాను. గడ్డివాములు వెనక్కి జరపాలి. మలుపుకు ముందు రెండు వైపులా సున్నం కొట్టిన రాళ్ళు పాతాలి. బస్సుల వేళకు ఎవరో ఒకరు ఎర్రజెండా పట్టుకుని నిలబడాలి. మునసబు గారు అంతా విని, "మొదటి రెండూ సరేనయ్యా. రోజూ జెండా పట్టుకు నిలబడేదెవరు? మీరు సెలవు పెట్టి వస్తారా?" అన్నారు. అందరూ నవ్వారు. మళ్ళీ ఆయనే దారి చెప్పారు. "కాలవ నీళ్ళకు వంతులు లేవూ? జెండాకీ అంతే. ఇంటికో వంతు."

కాలవ చివరనున్న శివారు ఊళ్ళలో నీళ్ళు తగ్గినప్పుడు పొలాలకు వంతుల మీద నీరు పెట్టుకుంటారు. మర్నాటి వంతు ఎవరిదో ముందు సాయంత్రం ఊరి వెట్టి ఏసోబు వీధుల్లో కేకేసి చెబుతాడు. జెండాకూ అదే పద్ధతి నడిచింది. బస్సులు నెమ్మదించాయి. నేను చూసిన ఏ ఊళ్ళోనూ ఇంత చక్కగా నడవలేదు.

అందరిలోకీ శ్రద్ధగా వంతు చేసినవాడు పిచ్చయ్య. భార్యాబిడ్డలు లేనివాడు, ఎడ్లబండి తోలే ముసలి మనిషి. చెవి మీద ఎప్పుడూ సగం కాలిన చుట్ట ఉండేది. చిట్టి అతన్ని చెప్పాలంటే చెవి ముట్టుకునేది, అదే ఆ పిల్ల అతనికి పెట్టిన పేరు. తన వంతు నాడు బస్సును ఆపి, పిల్ల చెయ్యి పట్టుకుని దాటించేవాడు. "మీరు లోపలికెళ్ళి వంట చూసుకోండమ్మా. నా వంతు నాడు కోడిపిల్లకు కూడా దెబ్బ తగల్నివ్వను" అనేవాడు అక్కతో.

పిచ్చయ్య తన వంతు నాడే పోయాడు. మొదటి బస్సు జెండా చూసి ఆగింది. వెనక వస్తున్న రెండో బస్సు ఆగకుండా, కుడివైపు నుంచి కాలవగట్టు అంచున దాన్ని దాటబోయింది. అతను నిలబడింది ఆ అంచునే.

ఆ తర్వాత ఈ ఊరివాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు ఒకటి జరిగింది. నీటి వంతుల్లో మనిషి పోయినా పేరు పోదు. వారసుడు తేలేదాకా వంతు చచ్చినవాడి పేరునే నడుస్తుంది. పిచ్చయ్యకు వారసులు లేరు. జెండా వంతుల్లోనూ ఎవరూ అతని పేరు తీయలేదు. అతని వంతు రాగానే ఏసోబు అలవాటు ప్రకారం వీధుల్లో కేకేశాడు: "రేపు పిచ్చయ్య వంతహో!"

కేక వినగానే నాలుగిళ్ళ వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారట. ఒకరి మొహం ఒకరు చూసుకుని లోపలికి వెళ్ళారట. మర్నాడు ఎవరూ మలుపులో నిలబడలేదు.

ఆ రోజు వచ్చిన డ్రైవరు ఆ దారికి కొత్తవాడు. పిచ్చయ్యను ఎన్నడూ చూడలేదు. బస్సు సోడా కొట్టు దగ్గర ఆపి గొడవ పెట్టుకున్నాడు. "మీ ఊళ్ళో జెండా పట్టుకునే ముసలాడికి బుద్ధుందా అండీ? రోడ్డు మధ్యకొచ్చేశాడు. నా చక్రాల కింద పడితే ఎవరండీ జవాబుదారీ?"

"ఇవాళ అక్కడ ఎవరూ లేరయ్యా" అన్నాడు కొట్టువాడు.

"లేకపోవడమేంటండీ. చెవి మీద చుట్ట కూడా ఉందీ!"

ఇది నాకు బావ చెప్పాడు. నేను నవ్వాను. ఎండలో కంకర రోడ్డు మీద సెగ పుట్టి లేని నీరు కనిపిస్తుంది, మనిషీ కనిపించవచ్చు అన్నాను. చుట్ట సంగతి ఎవరో ముందే చెప్పి ఉంటారన్నాను. "వచ్చే వంతుకు నువ్వే రా, చూసుకో" అన్నాడు బావ.

వెళ్ళాను. ముందు రోజు సాయంత్రం ఏసోబు కేకను నా చెవులతో విన్నాను. పేరు పలికేటప్పుడు అతని గొంతు తగ్గింది. "మానెయ్యొచ్చుగా" అన్నాను. "మునసబు గారు పేరు మార్చమంటే మారుస్తానండీ. పిలవకపోతే ఇంకా భయమండీ" అన్నాడు.

మధ్యాహ్నం కాలవగట్టు మీద తుమ్మచెట్టు కింద నిలబడ్డాను. మలుపంతా కనిపిస్తోంది. గాలి లేదు. దుమ్ము లేదు. రోడ్డు మీద పిట్ట కూడా లేదు.

బస్సు మంచి వేగం మీద వచ్చింది. సున్నం రాయి దగ్గరికి రాగానే బ్రేకు వేసి ఆగిపోయింది. డ్రైవరు ముందున్న ఖాళీ రోడ్డును చూస్తున్నాడు. పెద్దమనిషి ఎదురైతే ఎత్తినట్టు, చెయ్యి కొంచెం ఎత్తాడు. నాకు కనిపించింది ఉత్త రోడ్డు. లేనిదాన్ని నేను చూడలేదు. అది వేరేవాడికి కనబడడం చూశాను.

అప్పుడే చిట్టి వంతెన దిగి వచ్చింది. కుడిచెయ్యి పైకెత్తి ఉంది. పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని నడిచే పిల్ల భుజం ఎలా లేస్తుందో అలాగే లేచి ఉంది, పిడికిలి మూసి ఉంది. తల పైకెత్తి ఎవరివైపో చూస్తూ నవ్వుతోంది. అలాగే నడిచి వచ్చి, ఆగిన బస్సుకు ఎదురుగా రోడ్డు మధ్యలో నిలబడిపోయింది.

గుమ్మంలోంచి అక్క కేక వినిపించింది. దాని వెనకే రెండో బస్సు చప్పుడు.

పరుగెత్తాను. పిల్ల రెండో చెయ్యి పట్టుకుని నేను వచ్చిన వైపుకు, అంటే గట్టు వైపుకు, లాగాను. ఏడేళ్ళ పిల్ల. బక్కపలచటి పిల్ల. కదల్లేదు. రోడ్డు రోలరుకు కట్టిన గొలుసు లాగినట్టుంది. చిట్టి నాకేసి చూసి వద్దన్నట్టు తల ఊపింది. ఇంకా బలంగా లాగాను. అవతలి నుంచి అంత బలంగానూ ఎవరో పట్టుకున్నారు. ఇంతకంటే స్పష్టంగా నేను చెప్పలేను.

రెండో బస్సు ఆగిన బస్సును దాటుకుని నా వీపు వెనక నుంచి, కాలవగట్టు అంచున దూసుకుపోయింది. నా పంచె చెంగు ఎగిరింది. ఆ తర్వాతే పిల్ల చెయ్యి వదులై నా మీదకు వచ్చి పడింది.

పిల్లను గట్టు మీదికి చేర్చి రోడ్డు చూశాను. నేను పరుగెత్తి వచ్చిన అడుగుల మీద టైరు గుర్తు పడి ఉంది. పిల్లను లాగబోయింది సరిగ్గా అక్కడికే. నా బలం నెగ్గి ఉంటే ఇద్దరం ఆ చక్రాల కింద ఉండేవాళ్ళం.

చిట్టి చెవి ముట్టుకుంది. తర్వాత అరచెయ్యి నిలువుగా చూపించింది. ఆగమన్నాడు.

అక్క ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "కాపాడాడు కదే" అన్నాడు బావ. అక్క నా వైపు తిరిగింది. "కాపాడాడు. కాదన్లేదు తమ్ముడూ. కానీ వాడు దీని చెయ్యి ఎప్పుడు వదుల్తాడు?"

మర్నాడు నేను, బావ మునసబు గారి దగ్గరికి వెళ్ళాం. పిచ్చయ్య వంతు బావ పేరుకు మార్చమన్నాం. ఆయన ఎందుకని అడగలేదు. ఆయనకూ అన్నీ తెలుసు. ఆ సాయంత్రమే ఏసోబు ఊరంతా తిరిగి చెప్పాడు. తర్వాతి వంతుకు బావ బడికి సెలవు పెట్టి, జెండా పట్టుకుని రోజంతా నిలబడ్డాడు. డ్రైవర్లకు బావ తప్ప ఎవరూ కనిపించలేదు. ఆ మలుపులో పోటీ పడడం కూడా మానేశారు. ఊరు ఊపిరి పీల్చుకుంది.

అక్కావాళ్ళ ఇంట్లోనే పీల్చుకోలేదు. వంతు ఉన్నన్నాళ్ళూ పిచ్చయ్యకు ఒక రోజుండేది, ఒక చోటుండేది. ఆ రెండూ మేమే తీసేశాం. అప్పటినుంచి చిట్టి ఏ రోజైనా, ఎక్కడైనా చెయ్యి ఎత్తడం మొదలుపెట్టింది. పెరట్లో ఎత్తేది. బావి దగ్గర ఎత్తేది. అక్క భరించలేక పిల్లను నాతో బందరులో మా ఇంటికి పంపించింది. బందరులో పిచ్చయ్యను ఎరిగినవాళ్ళు లేరు.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఒకరోజు కోనేరు సెంటరు దగ్గర చిట్టిని తీసుకుని రోడ్డు దాటుతున్నాను. ఎడమచెయ్యి నా చేతిలో ఉంది. రెండు అడుగులు వేశాక ఆ పిల్ల నిలబడిపోయింది. కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది, పిడికిలి మూసుకుంది.

రెండు వైపులా చూశాను. బండి లేదు, బస్సు లేదు. రోడ్డు ఖాళీగా ఉంది. దాటడానికి అడ్డేమీ లేదు. నేను చదివిన చదువంతా దాటమనే చెబుతోంది.

నేను లాగలేదు. జనం మమ్మల్ని తప్పుకుంటూ పోతున్నారు. ఎవరో "ఏవండీ, దారివ్వండి" అని విసుక్కున్నారు. ఆ చెయ్యి దిగేదాకా పిల్ల పక్కన ఎండలో నిలబడ్డాను. ఏ బస్సూ రాలేదు, ఏమీ జరగలేదు. మరి అతను ఎందుకు ఆపాడో నాకు తెలియదు. ఇప్పటికీ ఆ పిల్లతో రోడ్డు దాటాల్సి వస్తే నేను ముందు రోడ్డు చూడను. ఆ పిల్ల కుడిచెయ్యి చూస్తాను.