కిటికీ అద్దం మీద రెండు కాగితాలు

పులివెందులలో ప్రాక్టికల్ పరీక్షలకు ఎగ్జామినర్‌గా పోతూ బస్సులో కునుకు తీస్తుంటే ఫోన్ మోగింది. నా పీహెచ్‌డీ గైడు సారు భార్య. "మీ సారు పోయినాడు నాయనా. కాఫీ అడిగినాడు, తెచ్చేలోపల పోయినాడు," అంది. నేను వెళ్లకపోతే పిల్లల పరీక్ష ఆగిపోతుంది. అది ముగించుకుని, చర్చి వెనుక మట్టి వేసే వేళకు సారు ఊరు జమ్మలమడుగు చేరాను.

ప్రొద్దుటూరులో నేను పాఠాలు చెప్పే కాలేజీలోనే సారు రిటైరయ్యారు. అయినా నా పీహెచ్‌డీ కోసం బస్సెక్కి వచ్చేవారు. రాడార్ తరంగం ఒక వస్తువుకు తగిలితే ఏ దిక్కుకు ఎంత చెదురుతుందో కంప్యూటర్‌తో లెక్కగట్టడం మా పని. అందుకు రెండు పద్ధతులున్నాయి. ఒకటి, వస్తువునూ దాని చుట్టూ కొంత గాలినీ చిన్న చిన్న గళ్లుగా కోసి, తరంగాన్ని గడి నుంచి గడికి నడిపించేది. రెండోది గాలి జోలికి పోకుండా, తరంగం తగిలినప్పుడు వస్తువు ఉపరితలం మీద పుట్టే కరెంటును మాత్రమే లెక్కించేది. ఏది ఎక్కడ నమ్మదగినదో తేల్చితే నా థీసిస్ పూర్తవుతుంది.

సారు కంప్యూటర్ తెరను నమ్మేవారు కాదు. "తెర మీద గీతలకు సిగ్గుండదప్పా, ఎట్ల సాగదీస్తే అట్ల సాగుతాయి," అనేవారు. రెండు పద్ధతుల గ్రాఫులనూ పల్చటి కాగితాల మీద తీయించి, ల్యాబు కిటికీ అద్దానికి ఒకదాని మీద ఒకటి ఆనించి వెలుతురులో చూసేవారు. కింది కాగితం నేను పట్టుకోవాలి, పై కాగితం ఆయన. గీతలు విడిపోయిన చోట రెండో చేత్తో ఎర్ర పెన్సిల్ సున్నా చుట్టేవారు.

ఆ సున్నా ఎప్పుడూ ఒకే చోట పడేది. అన్ని దిక్కులా గీతలు కలిసేవి, తరంగం వచ్చిన దారినే వెనక్కి మళ్లే దిక్కులో తప్ప. యూనివర్సిటీ గడువు దగ్గర పడుతోంది. ఎండల్లో అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరిగి, తనిఖీ ఫైళ్లు మోసి నేను అలిసిపోయాను. సగటు తీసి పంపేద్దాం సార్ అన్నాను.

"రెండు తప్పులు కలిపి సగం చేస్తే ఒప్పు వస్తాదా?" అని ఫ్లాస్కులోని టీ నాకే పోశారు. రిటైరైన మనిషి, ఈయనకేం తొందర అని లోపల విసుక్కున్నాను.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక నన్ను మైలవరం డ్యాము దగ్గరికి తీసుకుపోయారు. నీళ్లలోకి రాయి విసిరారు.

"చూడప్పా, ఆడ రాళ్లకట్టకు కొట్టుకోని అల తిరిగొస్తాండాది. ఈడ జమ్ముగడ్డిలో పడి అణిగిపోతాండాది. మన లెక్కలో గాలి అంచుకు ఇట్లే అలను మింగే జమ్ము పెట్టినాం, బాగానే ఉంది. కానీ వస్తువుకు శానా దగ్గర పెట్టినాం. అణగాల్సిన అల కొంచెం తిరిగొచ్చి మనల్ని మోసం చేస్తాండాది."

నిజమే. మా ల్యాబు కంప్యూటర్‌కు మెమరీ తక్కువ. అది మోయలేదని చుట్టూ గాలిని కత్తిరించి పెట్టాం. అంచును దూరం జరిపి, గళ్లు పెంచి లెక్క మళ్లీ మొదలుపెట్టాం. కరెంటు పోయినప్పుడల్లా ఆగుతూ అది రోజుల తరబడి నడిచింది. అది నడుస్తుండగానే సారు పోయారు.

నిన్న లెక్క పూర్తయింది. క్లాసులయ్యాక కాగితాలు తీయించి కిటికీ దగ్గర నిలబడ్డాను. వెనక్కి మళ్లే దిక్కులో కూడా రెండు గీతలూ ఒకే గీతలా ఉన్నాయి. సంతోషం కలగాల్సిన చోట నీరసం వచ్చింది. చూపించాల్సిన మనిషి లేడు. ఆయన లేని లోటు నాకు ఆ అద్దం ముందు తెలిసింది, సమాధి దగ్గర కాదు.

రెండు కాగితాలనూ చెరో చేత్తో అద్దానికి ఆనించి పట్టుకున్నాను. కింది కాగితం నిలుస్తోంది. సారు పట్టుకునే పై కాగితం మాత్రం ఎన్నిసార్లు సరిచేసినా నా చేతి కింద నుంచి మెల్లగా జారుతూనే ఉంది.