ఖాళీ షెడ్డులో నాలుగు నిమ్మకాయలు

మా చిన్నప్పుడు... దసరా వస్తోందంటే మా ఇంట్లో ముందుగా ముస్తాబయ్యేది దేవుడి గది కాదు, కారు షెడ్డు.

రాజోలు దగ్గర మా ఊళ్లో నాన్నగారికి ఒక తెల్ల అంబాసిడర్ ఉండేది. పెళ్లిళ్లకీ, తీర్థయాత్రలకీ ఆయనే కిరాయికి తోలేవారు.

షెడ్డుకి మట్టి గోడలు, తాటాకు కప్పు... కానీ లోపల ఎంత కళగా ఉండేదో. ఏ క్షేత్రానికి వెళ్లినా, బానెట్ మీద కట్టిన మూడు మూలల జెండాని ఇంటికొచ్చాక విప్పి, ఉతికి, షెడ్డు దూలానికి కట్టేవారు. అన్నవరానిది ఒకటి, అంతర్వేదిది ఒకటి... పెళ్లికూతుర్ని దింపి వచ్చిన ప్రతిసారీ ఒక జరీ రిబ్బను ముక్క. చక్రం మధ్యలో బిగించే మెరుపు మూత, పాత వీల్ కప్పు ఒకటి గోడకి కొట్టి ఉండేది. దాంట్లో చూసుకునే నేను జడ వేసుకునేదాన్ని, మొహం గుమ్మడికాయంత కనిపించేది. ఎన్నికల జెండాలు మాత్రం కట్టేవారు కాదు. వాటితో కారు తుడిచేవారు... అన్ని పార్టీలవీ!

"దేవుడి గుమ్మానికి ఎండిపోయిన తోరణం, కారుకి కొత్త జెండాలూనా అండీ?" అని అమ్మ దెప్పేది.

"ఆయ్... నీ దేవుళ్లందరి దగ్గరికీ నిన్ను తీసుకెళ్లింది ఇదే కదే!" అనేవారు నాన్నగారు.

ఆయుధపూజ రోజు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, కారుని కాస్త ముందుకు పోనిచ్చేవారు. ఆ నిమ్మకాయలు పెట్టే పని నాది.

నాకు పన్నెండేళ్లప్పుడు నాన్నగారికి చూపు మందగించింది. ఇక స్టీరింగు పట్టుకోవద్దన్నారు డాక్టరుగారు. కారుని ముమ్మిడివరంలో ఒక కొబ్బరి వ్యాపారికి ఇచ్చేశారు. "మీకు అక్కర్లేదనుకున్న రోజున మాత్రం ముందు నాకే చెప్పాలండీ" అని ఒక్క మాట తీసుకున్నారు.

షెడ్డుని మాత్రం అలాగే ఉంచారు. ఆ ఏడు దసరాకి కూడా జెండాలు దులిపి కట్టారు. చక్రాలు ఆగే చోట్లు నాకు చూపించి, "పెట్టమ్మడూ" అన్నారు. ఖాళీ నేల మీద నాలుగు నిమ్మకాయలు పెట్టాను... అమ్మ ఆ రోజు ఏమీ దెప్పలేదు.

రెండేళ్ల తర్వాత పిన్నితో కలిసి ముమ్మిడివరం పేరంటానికి వెళ్లాను. ఆ వ్యాపారి గారి పెరడు పక్కనుంచే దారి. కొబ్బరి డొక్కల గుట్ట వెనకాల మా కారు... చక్రాలు లేవు, ఇటుకల మీద నిలబెట్టారు. వెనక సీట్లో కోడిపెట్ట పొదుగుతోంది. ఎంతమంది పెళ్లికూతుళ్లు కూర్చున్న సీటో అది...

ఇంటికి రాగానే నాన్నగారు అడిగారు.

"మన కారు కనిపించిందేంటమ్మడూ? ఎలా ఉంది?"

"బావుందండి నాన్నగారూ. తళతళలాడుతోందండి."

"వాళ్లు బాగా చూసుకుంటారని నాకు తెలుసే!"

ఆయన మొహం వెలిగిపోయింది. ఆ నోటితోనే ఆ సాయంత్రం దీపం దగ్గర శ్లోకం చదివాను.

ఆ ఒక్క మాట పట్టుకుని ఇంకో ఐదేళ్లు జెండాలు కట్టారు. నా పెళ్లి కుదిరాక, "నిన్ను మన కార్లోనే అత్తారింటికి పంపుతానమ్మడూ. ఒక్కరోజుకి అడిగి తెస్తాను" అన్నారు. అప్పుడైనా నిజం చెప్పేయాల్సింది... చెప్పలేదు. మర్నాడు చేతికర్ర పట్టుకుని, బస్సెక్కి, ఆయనే వెళ్లారు.

పొద్దు వాలుతుండగా తిరిగొచ్చారు.

"కారు కిరాయికి వెళ్లిందటమ్మా... దూరపు ఊరట. నువ్వు చెప్పినట్టే తళతళలాడుతోందట" అన్నారు.

నా మొహంలోకి చూడలేదు. ఆయన తెల్లచొక్కా చేతి అంచుకి తుప్పు మరక ఉంది.

తెల్లారేక జెండాలన్నీ దింపేశారు. నన్ను వేరే కారెక్కించేటప్పుడు ఆయన ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ తర్వాత ఏ దసరాకీ షెడ్డులో నిమ్మకాయలు పెట్టలేదని అమ్మ చెప్పింది. నాన్నగారు పోయి కూడా చాలా ఏళ్లయింది.

ఇప్పుడు ఆ చోట మా తమ్ముడు సిమెంటు షెడ్డు కట్టించాడు. మేనకోడలు కార్ల బొమ్మల జెండాలు ఆన్‌లైన్‌లో తెప్పించి, దాని గోడలన్నీ అలంకరించింది. "ఎలా ఉందత్తా?" అని అడిగింది. "బావుందమ్మా" అన్నాను. నిజంగానే బావుంది... కాకపోతే వాటిలో ఒక్క జెండా కూడా ఎక్కడికీ వెళ్లొచ్చింది కాదు.

రోజూ పూజలో క్షమించమని అడుగుతూనే ఉంటాను. కానీ ఆ మాట నేను చెప్పాల్సింది దేవుడికి కాదు కదా...

మీకూ ఇలా ఇంట్లోవాళ్ల దగ్గర దాచిన మాట ఏదైనా ఉందా? ఆ మనిషి ఇంకా ఉంటే ఇక్కడ రాయకండి, లేచి వెళ్లి చెప్పేయండి. లేకపోతే... నాలాగే, ఇక్కడే రాసుకోండి.