ఎవరింటి పయోజనం?

మొన్న ఆఫీసులో నాతో పనిచేసే అమ్మాయి పెళ్లికి వెళితే, భోజనాలయ్యాక చిన్న గాజు గిన్నెలో సీతాఫలం ఐస్‌క్రీం పెట్టారు. చెంచా నోటి దాకా రాకముందే, ఆ ఏసీ చల్లదనంలో, అత్తర్ల వాసనలన్నిటినీ తోసుకుని, మాగిన కాయ వాసన ముక్కుకు తగిలింది. గిన్నె పక్కన పెట్టేశాను. ఆ ఫంక్షన్ హాలు కట్టిన జాగా మా చెల్క. దవాఖాన కడతామని మా అవ్వ దగ్గర తీసుకున్న జాగా అది.

మోత్కూర్ అంగడికి నడిచిపోయేంత దూరంలో ఉండేది మా ఊరు. తరతరాలు ఒకరి పొలాల్లో వంగి పనిచేసిన మా ఇంటికి, తాత కాలంలో సర్కారు పట్టా ఇచ్చిన గుట్ట కింది ఎర్రదుబ్బ నేల అది. మధ్యలో కంది, ఆముదం, ఓ పక్కన నాలుగు సాళ్ల జొన్న, గట్ల పొడుగునా ఎవరూ నాటకుండానే మొలిచిన సీతాఫలం పొదలు. వానలు వెనకబట్టగానే తంగేడు విరగబూసేది, గునుగు తెల్లగా లేచేది, బతుకమ్మకు ఊరి ఆడపిల్లలంతా గంపలతో మా చెల్కకే వచ్చేవారు. మేం చర్చికి పోయేవాళ్లమైనా అవ్వ కొడవలి పట్టి వాళ్లకు తానే పూలు కోసిచ్చేది. కండ్లు విచ్చుకున్న కాయలను గడ్డిలో మాగబెట్టుకుని, పచ్చివాటిని ఎండిన ఆముదం కట్టెల మంటలో కాల్చుకుని, మూతులు మసి చేసుకుని తిని, ఆ గింజలతోనే బండ మీద ఓమనగుంటలు ఆడేవాళ్లం. చర్చిలో తొలి పంట దేవునికి సమర్పించే కోత పండుగ వస్తే అవ్వ మొదటి కంది కట్టను నెత్తిన పెట్టుకుని, ఉతికిన తెల్లచీరలో, ఊరంతా చూసేటట్టు నడివీధిలోంచి నడిచేది. ఆ ఒక్కరోజు అవ్వకు నడుం నొప్పి ఉండేది కాదు.

మా దిక్కున పయోజనం అంటే పెళ్లి. లేదంటే పిల్లకు చీర కట్టించడం, పురుడు, నలుగురిని పిలిచి అన్నం పెట్టే ఏ వేడుకైనా సరే. ఎవరింట్లో పయోజనమైనా వాడకట్టు మొత్తం కదిలేది. ఒకరు కట్టెలు, ఒకరు మంచాలు, మా అవ్వ తన పెద్ద ఇత్తడి గంగాళం. ఓసారి పక్కింటి పిల్ల పెళ్లి పీటల దాకా వచ్చి చెడిపోయింది. ఏడుపుల్లో మునిగిన ఆ ఇంటివాళ్లే, పొద్దుగూకకముందే గంగాళాన్ని చింతపండుతో తళతళ తోమి మా వాకిట్లో బోర్లించి పోయారు. పయోజనం కాకపోతే అడిగి తెచ్చిన వస్తువు ఇంట్లో ఉంచుకోవడం మా దగ్గర దొంగతనం కింద లెక్క.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను బడికి పోయే పిల్లను. గులాల్ మరకలు ఇంకా గోడల మీద నుంచి పోలేదు. ఓ పొద్దున జీపులోంచి ఓ సారు దిగి, మా వాకిట్లో కుర్చీ వేయించుకుని, చేతిలో కాగితం చదివాడు. అందులో అవ్వకు అర్థమైన మాట ఒక్కటే, ప్రజా ప్రయోజనం.

"ఎవరింట్ల పయోజనం సారూ?" అంది.

సారు పడీపడీ నవ్వాడు. వెంట వచ్చినవాళ్లూ నవ్వారు. "ఒక్క ఇంటిది కాదమ్మా, అందరిది. దవాఖాన కడుతున్నం."

"అందరి పయోజనమైతె మమ్ములను గూడ పిలుస్తరు గద?"

నాయినకు ఇష్టం లేదు. ఆ చెల్క పోతే మళ్లీ ఒకరి పొలంలో వంగాల్సిందేనని ఆయనకు తెలుసు. కానీ తాతకు పాము కరిస్తే నల్గొండ దారి సగం కూడా దాటకముందే అవ్వ ఒళ్లో పోయాడు. "దవాఖాన అంటాండ్రు బిడ్డా, ఎట్ల కాదంటం? గిప్పుడు మన సర్కారే గద అడిగేది" అని అవ్వ తన చేత్తో వేలిముద్ర వేసింది. గంగాళం ఇచ్చినంత సులువుగా ఇచ్చింది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

శిలాఫలకం లేచింది. దాని మీద పెద్దల పేర్లన్నీ ఉన్నాయి, అవ్వ పేరు లేదు. చుట్టూ గోడ లేచింది, గేటుకు తాళం పడింది, అంతటితో పని ఆగింది. ఇచ్చిన పరిహారం ఇంటి కప్పు వేయడంతోనే అయిపోయింది. నాయిన పత్తి చేలలో కూలికి కుదిరాడు. లోపల తంగేడు పూసి రాలిపోయేది, కాయలు మాగి కాకులపాలయ్యేవి, మేం రోడ్డు మీద నిలబడి గోడ అవతలి వాసన పీల్చేవాళ్లం. నాలుగు వానకాలాలు చూసి అవ్వ నన్ను వెంటబెట్టుకుని మండలాఫీసుకు పోయింది.

"పయోజనం కాకపాయె. మా జాగా మాకియ్యుండ్రి" అంది.

జీపులో వచ్చిన సారు బదిలీ అయిపోయాడట. కొత్త సారు తలెత్తకుండానే, "ఒకసారి సర్కారుకు పోయినంక అది సర్కారు జాగా. మా ఇష్టం" అన్నాడు.

"ఇష్టమని అడగలేదు గద సారూ. దవాఖాన అని అడిగిన్రు."

ఆయన గంట కొట్టాడు, బంట్రోతు వచ్చి మమ్మల్ని బయటికి నడిపించాడు. ఆ తర్వాత చదువుకుని నేను చాలా పెద్ద మాటలు నేర్చుకున్నాను. సర్కారు అధికారానికి హద్దు ఎక్కడుందో అవ్వ ఆ రోజు చెప్పినంత సూటిగా ఏ పుస్తకమూ చెప్పలేదు. ఏ పని పేరు చెప్పి తీసుకున్నావో ఆ పని దాకానే నీ పెత్తనం, పని లేకపోతే తోమి తిరిగియ్యి. మా వాడకట్టులో పెళ్లి చెడిన ఇంటికి ఉన్నపాటి సిగ్గు సర్కారుకు లేకపోయింది.

చెల్క పోయినప్పటి నుంచి కోత పండుగకు ఉత్త చేతులతో పోతున్న అవ్వను చూడలేక, ఆ ఏడు దుకాణంలో కందులు కొనుక్కొస్తానంది అమ్మ. "కొన్నది పంటెట్లయితది?" అని అవ్వ చర్చికే పోలేదు. ఆయాసం వచ్చిన రోజు ఆటోలో నల్గొండకు తీసుకెళ్తుంటే ఆ గోడ పక్కనుంచే పోయాం. అవ్వ అటువైపు చూడకుండా కొంగు మొహం మీదికి లాక్కుంది. ఆ చలికాలం దాటలేదు. మరుసటేడు గోడ మీద కొత్త రంగు పడింది, శిలాఫలకం ఎటు పోయిందో పోయింది, ఎవరో పెద్దమనిషికి సర్కారు ఆ జాగా లీజుకిచ్చిందని తెలిసింది. చూస్తుండగానే ఫంక్షన్ హాలు లేచింది. ఎవరింట్ల పయోజనమని అవ్వ అడిగిన మాటే నిజమైంది. అక్కడ ఇప్పుడు ముహూర్తం ఉన్న రోజల్లా పయోజనమే.

పెళ్లినుంచి ఇంటికి వచ్చేసరికి అమ్మ వాకిట్లో చాటలో బియ్యం ఏరుతోంది. గంగాళం అటక మీద బోర్లించి ఉంది. గిన్నెలన్నీ టెంట్ హౌజ్ వాళ్లే తెస్తున్నారు, ఇప్పుడు దాన్ని అడిగేవాళ్లు లేరు.

"ఎట్లయింది పయోజనం?" అంది అమ్మ.

"మంచిగనే అయింది."

"యాడ?"

"మన చెల్కల."

అమ్మ చేతులు ఆగాయి. చాటలోంచి తల ఎత్తకుండానే అడిగింది.

"సీతాఫలం చెట్లు గిట్ల ఉన్నయా?"

"లెవ్వమ్మా" అన్నాను. "ఐస్‌క్రీం ఉంది."