గీతల కింద పేరు

జెనోన్ వోయ్‌తాస్ చేతిరాత ఎన్నో వేల ఇళ్లలో ఉంది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పుకోడు. ఎంత వినయమో అనుకునేది చికాగోలో అతని పేట. వినయమూ లేదు, వంకాయా లేదు. సిగ్గు.

రికార్డులకు తొలి పళ్లెం కోయడం అతని పని. మెత్తటి నల్ల పళ్లెంలోకి పాటను గాడిగా దించితే, దాని నుంచి ఫ్యాక్టరీలో వేల రికార్డులు తయారవుతాయి. చివరి గాడికీ మధ్యలో అంటించే కాగితానికీ నడుమ వేలెడు ఖాళీ ఉంటుంది. అక్కడ సూదితో నంబరు గీకి, పక్కన తన పొడి అక్షరాలు వేసుకోవడం ఆ పనివాళ్ల ఆచారం. జెనోన్‌వి జెడ్, డబ్ల్యూ. కొక్కెం లాంటి జెడ్.

1986లో ఒక మధ్యాహ్నం ఒజెల్లా టిబ్స్ అతని గదికి వచ్చింది. నల్లపిల్ల, ఇరవై రెండేళ్లు. లాండ్రీలో పని, ఆదివారం చర్చిలో పాట. వాళ్ల నేలమాళిగలో, వాళ్లవాళ్లే తాళమూ స్వరమూ వాయించే రెండు పాత యంత్రాలతో కట్టుకున్న డాన్సు పాట ఆమె పాడింది. కంపెనీ ఓనరు రెక్స్ డన్‌లీవీ మాత్రం అట్ట మీద బంగారు జుట్టు పిల్ల ఫొటో వేయించి, ఎవరికీ లేని పేరొకటి అచ్చు గుద్దించాడు. నల్ల మొహం చూస్తే ఎవరు కొంటారని అతని వాదన.

"అన్నా, అట్ట మీద ఎవత్తెనన్నా వేసుకోనీ. ఈ ఖాళీలో నా పేరు గీకవా?" అంది ఒజెల్లా. "ఎవరూ చూడర్లే. నాకు తెలిస్తే చాలు."

జెనోన్ గీకాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, పళ్లెం మీదికి వంగి చూసి, చిన్నపిల్లలా నవ్వింది.

అప్పుడే డన్‌లీవీ వచ్చాడు. పేరు చదివాడు. ఒక్క మాటా అనకుండా ఆమెను మెడ పట్టి తలుపు చట్రానికేసి కొట్టాడు. ఒకసారి కాదు. "అన్నా!" అని అరిచింది ఆమె. టేపు మీద ఆమె పాటే నడుస్తోంది. జెనోన్ చెయ్యి సౌండ్ మీట మీదికి పోయింది. తిప్పాడు. తగ్గించలేదు, పెంచాడు. ఆమె గొంతుతోనే ఆమె అరుపును కప్పేశాడు.

ఆమె వెళ్లిపోయాక డన్‌లీవీ చొక్కా సర్దుకుంటూ, "కొట్టెయ్ ఆ పేరు. ఇంకో పళ్లానికి టైము లేదు," అన్నాడు. జెనోన్ పేరు మీద గీతలు కొట్టాడు. అడ్డంగా, ఏటవాలుగా, ఒక్క అక్షరం కనపడకుండా. పని శుభ్రంగా చేయడం అతనికి అలవాటు. పక్కనున్న తన రెండక్షరాలకు మాత్రం సూది తగలనివ్వలేదు.

పాట సముద్రాలు దాటింది. ఆ గీతలేమిటో తెలియని తెల్ల కుర్రాళ్లు, వానజల్లులా ఉన్నాయని, దానికి 'వాన రికార్డు' అని పేరు పెట్టారు. ఒకడు ఆ గీతల్ని చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకుని, ఫొటో తీసి జెనోన్‌కి పంపాడు కూడా. బుద్ధిమంతుడు జెనోన్ ఆ ఫొటోను డ్రాయరు అడుగున దాచాడు.

ముప్పై అయిదేళ్లు గడిచాయి. డన్‌లీవీకి సన్మానం ప్రకటించారు. ఒజెల్లా పేపరువాళ్లకు అంతా చెప్పింది. "ఆవిడెవరో నాకు తెలీదు. ఆ గదిలోకి ఎన్నడూ రాలేదు," అన్నాడు డన్‌లీవీ. సాక్ష్యం ఏదీ అని లోకం అడిగింది. అడగక మానుతుందా! గదిలో ఉన్నది ముగ్గురే.

ఆ పాటను ఒజెల్లా పేరుతో మళ్లీ వేయాలని తిరుగుతున్న మార్క్వెల్ అనే కుర్రవాడు పాత రికార్డు పట్టుకుని జెనోన్ ఇంటికి వచ్చాడు. "పెద్దాయనా, ఇవేం గీతలు?"

"సూది జారింది," అన్నాడు జెనోన్.

అతను వెళ్లాక హలీనా, జెనోన్ భార్య, కాబేజీ కూర వడ్డిస్తూ నిలబడిపోయింది. "నలభై ఏళ్లుగా చూస్తున్నా, నీ చేతిలో సూది జారడం చూళ్లేదు. ఏం చేశావయ్యా?"

చెప్పాడు. మీట సంగతి దాటేద్దామనుకున్నాడు. అయినా చెప్పాడు.

"ఆ పిల్ల నిన్ను అన్నా అని పిలిచిందా?"

"పిలిచింది."

"మరి ఇక్కడ కూర్చుని కూర తింటున్నావేం?"

ఆదివారం మధ్యాహ్నం ఒజెల్లా వాళ్ల చర్చి హాల్లో సభ జరిగింది. "అమ్మా, నీ మాటకి ఇంకెవరన్నా ఉన్నారా?" అని ముందు వరుసలోంచి ఎవరో అడిగారు. వెనక వరుసలో జెనోన్ లేచాడు. "కొట్టాడు. నేను చూశాను. పేరు కొట్టేసింది నేనే. ఆమె అరుస్తుంటే సౌండ్ పెంచిందీ నేనే." తల ఎత్తలేకపోయాడు. హాలంతా తనను తిడితే బాగుండనిపించింది. ఎవరూ తిట్టలేదు. ఒజెల్లా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది, అంతే.

సన్మానం ఆగిపోయింది. మిగతాది వకీళ్లు చూస్తున్నారు.

వసంతంలో కొత్త పళ్లెం కోశారు. జెనోన్ గ్యారేజీలో, పళ్లెం కోసే అతని పాత యంత్రం మీదే. అతనే కోయాలన్నది ఒజెల్లా షరతు. పాట పళ్లెంలోకి దిగాక, ఖాళీలో ఆమె పేరు గీకి సూది కింద పెట్టేశాడు.

ఒజెల్లా వంగి చూసింది. "నీ అక్షరాలేవి, వోయ్‌తాస్?" ఈసారి అన్నా అనలేదు.

"వద్దమ్మా. నాకా అర్హత లేదు."

"అర్హత సంగతి ఎవడడిగాడు? నన్ను మాయం చేసింది చాలక ఇప్పుడు నువ్వు మాయమవుతావా? నా పేరు ఎవరి చేత్తో పోయిందో జనానికి తెలియాలి. గీకు."

గీకాడు. కొక్కెం జెడ్ సరిగా రాలేదు. మార్క్వెల్ సంతోషం పట్టలేక టేపు మళ్లీ పెట్టి మీట పూర్తిగా తిప్పేశాడు. ఇరవై రెండేళ్ల ఒజెల్లా గ్యారేజీ అదిరేలా పాడింది.

ఒజెల్లా స్టూలు లాక్కుని జెనోన్ ఎదురుగా కూర్చుంది.

"ఆ సౌండ్ తగ్గించు," అంది అతనితోనే. "ఆ రోజు ఈ చెవి పోయింది నాకు. ఎలా పోయిందో మొదటి నుంచీ చెప్తాను. విను."

జెనోన్ మీట తగ్గించాడు.