అవ్వ ముక్కుపుల్ల, పన్నెండు రాళ్ళు

సులిమాని రాయి అన్న మాట దగ్గర అవ్వ నన్ను ఆపింది.

“ఏందీ? మల్ల సదువు.”

మళ్ళీ చదివాను. పూర్వకాలపు యాజకుడు రొమ్ము మీద కట్టుకునే పతకంలో నాలుగు వరుసలుగా పన్నెండు రాళ్ళు పొదగాలని బైబిలులో చెప్పిన చోటు అది. మాణిక్యం, గోమేధికం, మరకతం అంటూ మొదలై చివరి వరుసకు వచ్చేసరికి ఈ సులిమాని రాయి తగిలింది.

“మేడ్చల్ అంగట్ల సాయబు ఉంగరాలల్ల పెట్టి అమ్ముతడు సూడు, గదే గదనే! దేవుని కాడ గూడ గదే నడుస్తాందా?” అని అవ్వ మురిసిపోయింది. బైబిలులో ఆమెకు తెలిసిన రాయి కనబడటం అదే మొదటిసారి.

అది తొంభైల చివర. నేను హైస్కూల్లో చదువుతున్నాను. మాది శామీర్‌పేట చెరువు మీద బతికే కుటుంబం. బాపు వల వేస్తే, వాళ్ళమ్మ, అంటే మా అవ్వ, గంపలో పెట్టుకుని చేపలు అమ్మేది. తాత పోయాక ఆమె, తనతోపాటు చేపలమ్మే ఒకావిడ వెంట, రోడ్డు పక్కన రేకుల షెడ్డులో జరిగే ప్రార్థనకు వెళ్ళడం మొదలుపెట్టింది. మొదట పాటల కోసం వెళ్ళింది, తరవాత మాటల కోసం. ఇంట్లో ఇంకెవరం వెళ్ళేవాళ్ళం కాదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని బాపు నవ్వి ఊరుకున్నాడు. అవ్వకు చదువు రాదు కాబట్టి పాస్టరు ఇచ్చిన బైబిలు నా ఒళ్ళోకి వచ్చి పడింది.

నిజం చెప్పాలంటే నాకు భక్తి కంటే రాళ్ళ పిచ్చి ఎక్కువ పట్టుకుంది. చూడని రాళ్ళ పేర్లు నోట్లో తిప్పుకుంటూ బడికి వెళ్ళేదాన్ని. ఆ పన్నెండింట్లో సూర్యకాంతం రెండుసార్లు వచ్చింది. లెక్క సరిపోక అచ్చువేసినవాళ్ళు ఒకటే రాయిని రెండుచోట్ల సర్దేశారేమోనని నా అనుమానం. ఆ పాత హీబ్రూ మాటల్లో ఏది ఏ రాయో పండితులకే గట్టిగా తెలియదని, ఒక్కో భాషవాళ్ళు ఒక్కో పేరు పెట్టుకున్నారని చాలా ఏళ్ళకు తెలిసింది. అప్పుడు మాత్రం అవ్వనే అడిగాను. మాణిక్యం ఎరుపే, పద్మరాగం ఎరుపే, కెంపూ ఎరుపే, ఒక్క రంగుకు ఇన్ని పేర్లెందుకని.

“నీకు ఇంట్ల ఒక పేరు, బళ్ళె ఒక పేరు లేదా? రాయికుంటే తప్పా?” అంది.

ఆ పేర్ల సంగతే తరవాతి వాక్యాల్లో వచ్చింది. ఒక్కో రాయి మీద ఆ జనంలోని ఒక్కో గోత్రం, అంటే ఒక్కో తెగ పేరు చెక్కాలి. యాజకుడు దేవుని ముందుకు వెళ్ళేటప్పుడు ఆ పేర్లన్నీ గుండె మీద మోసుకుపోవాలి, దేవుడు వాళ్ళను మరిచిపోకుండా. నేను చదువుతుంటే అవ్వ చెయ్యి తన ముక్కుపుల్ల మీదికి పోయింది. అందులో జొన్నగింజంత ఎర్రరాయి ఉండేది.

ఆ ముక్కుపుల్లకు ఒక కథ ఉంది. అవ్వ కంటే ముందు పుట్టిన పిల్లలెవరూ వాళ్ళమ్మకు దక్కలేదు. అందుకని అవ్వ పుట్టిన నాడే తీసుకుపోయి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ముక్కు కుట్టించి, ఆ కుప్ప పేరే పెట్టారు. చావు వచ్చి చూసినా ఇదేదో చెత్తలే అనుకుని వెళ్ళిపోవాలని. మొదట రాగితీగ, కాస్త పెరిగాక ఎర్రరాయి. పిల్ల బతికింది. ఆ రాయి తీస్తే చావుకు ఆనవాలు దొరుకుతుందని వాళ్ళమ్మ చెప్పి పోయింది. తాత పోయిన నాడు ఆడవాళ్ళు పుస్తె, మట్టెలు, గాజులు తీసి ముక్కు మీదికి చెయ్యి పెడితే అవ్వ ఏడుపు ఆపి మరీ గద్దించింది. “గిది నా పెనిమిటి పెట్టింది గాదు. ముట్టుకుంటే మంచిగుండదు.”

అలాంటి మనిషికి ఇప్పుడు బాప్తీస్మం తీసుకోవాలని గట్టిగా కోరిక పుట్టింది. ఆ సంఘంలోనేమో నీళ్ళలో దిగేముందు ఒంటిమీద నగ అన్నది ఉండకూడదు. అవ్వకు మిగిలిన నగ అదొక్కటే. తీయకుంటే బాప్తీస్మం లేదు, తీస్తే బతకనేమోనన్న భయం. గంప దించి గోడకు ఆనుకుని కూర్చునేది. అన్నం సయించేది కాదు. ఆమె భయం నాకూ అంటుకుంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు, అడిగి చూద్దామని అవ్వను లాక్కుని షెడ్డుకు వెళ్ళాను. పాస్టరు యాప్రాల్ నుంచి స్కూటరు మీద వచ్చే సన్నపాటి మనిషి. కోపం తెలియదు.

“తీయకపోతే దేవుడు వెళ్ళగొడతాడని నేను చెప్పనమ్మా. ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు నీళ్ళలో ఒక్కతీరుగా కనబడాలని పెద్దలు పెట్టిన పద్ధతి ఇది. మీకు మనసొప్పిన రోజే దిగండి,” అన్నాడు.

నేను ఊరుకోలేదు. “మరి పరలోక పట్టణం పునాదులన్నీ రత్నాలేనంట కద సార్?”

“పునాదులంటే కాళ్ళ కింద ఉండేవి బిడ్డా, ముక్కు మీద కాదు,” అని నవ్వాడు. నాకు ఉక్రోషం వచ్చింది గానీ మాట బాగుంది.

అప్పుడు అవ్వ పెంటకుప్ప కథ మొత్తం చెప్పింది. ఆయన నవ్వు ఆగిపోయింది. కాసేపు పేజీలు తిప్పి, బైబిలు చివరి పుస్తకంలో ఒకచోట వేలు పెట్టి చెప్పాడు. జయించినవాళ్ళకు దేవుడు ఒక తెల్లరాయి ఇస్తాడట. దాని మీద కొత్త పేరు చెక్కి ఉంటుందట. ఆ పేరు పుచ్చుకున్నవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదట.

తిరిగి వస్తూ బస్టాపు దాటాక అవ్వ అడిగింది.

“గా పేరు నీకు గూడ తెల్వదా?”

“తెల్వదంట.”

“నువ్వు సదివి సెప్పరాదా?”

“సెప్పరాదవ్వా.”

“మరి నాకు సదువు రాదు గదనే,” అంది నిలబడిపోయి.

నాకు ఏడుపొచ్చింది. పాస్టరుకు గానీ నాకు గానీ తట్టని సందేహం అది.

ఆ వారం నుంచే వాకిట్లో బండ మీద బొగ్గుతో అక్షరాలు మొదలుపెట్టాం. అ, ఆలు కాదు, ముందు తన పాత పేరే నేర్పమంది. అది నీకు ఇష్టం లేని పేరు కదా అంటే, “పాతది తెలిస్తెనే గద అది కొత్తదో కాదో ఎర్కయ్యేది,” అంది. వంకరటింకరగా రాసి, దూరం జరిగి, తల వంచి చూసుకుంది.

“గింతేనా? గీ మూడక్షరాలకు జడిసి సావు ఎన్కకు వోయిందా?” అని పకపకా నవ్వింది. ఆ తరవాత అన్నం తిన్నది.

బాప్తీస్మం మా చెరువులోనే. గట్టు మీద అవ్వ ముక్కుపుల్ల ఎంతకీ ఊడి రాలేదు. సబ్బు రాసి నేనే తిప్పి తీశాను. తీసి గుప్పిట్లో పెట్టుకున్నాక ఆమె ముఖం ఎవరిదోలా కనబడింది. పాస్టరు ఆమెను నీళ్ళలో ముంచాడు, గట్టు మీద నేను ఊపిరి బిగబట్టాను. ఏళ్ళుగా ఎరిగిన చెరువు కదా, ఆయన లేపకముందే అవ్వ తనే లేచింది. కళ్ళు తుడుచుకుని అందరినీ వదిలేసి నావైపు చూసి అరిచింది.

“ఉన్ననా?”

“ఉన్నవవ్వా!”

ఇంటికి వచ్చాక ఆ ఎర్రరాయి నన్నే ఉంచుకోమంది. చీర మార్చుకుని, చీపురులోంచి ఒక పుల్ల విరిచి, కొస నున్నగా చేసి ముక్కు బెజ్జంలో పెట్టుకుంది. బెజ్జం పూడిపోకుండా మా ఆడవాళ్ళు అలా పెట్టుకుంటారు. ఇంకా భయం పోలేదేమోనని నాకు అనుమానం వచ్చింది. పాస్టరు చూస్తే ఏమంటాడోనన్నాను.

“రాయి తియ్యుమన్నడు, తీసిన. పొక్క మూయుమన్నడా?”

“మరి ఉత్త పొక్క ఎందుకవ్వా?”

“గా తెల్లరాయి ఇస్తె ఏడ వెట్టుకోవాలెనే? తావుండాలె గద.”