బదులు రాని మనవి

2018 మార్చి పదమూడు, మంగళవారం, ఉదయం పది గంటలు. సువా అనే దీవి నగరంలో ఎడతెరిపిలేని వాన. నెరసిన ఒత్తుజుట్టులో తాబేటిచిప్ప దువ్వెన గుచ్చుకునే న్యాయమూర్తి మెరెసియానాగారు ఇరుపక్షాలూ మాట్లాడడం ముగించేవరకు కలం ముట్టేవారు కారు. ఆనాడు ఆమె కోర్టులో ఒక ఓడల కంపెనీ, సింగపూరు మధ్యవర్తులు తనకు అనుకూలంగా ఇచ్చిన తీర్పును అమలుచేసి, సకియుసా అనే ఆయన పడవలు బాగుచేసే రేవును తనకు ఇప్పించమని కోరింది.

"సింగపూరు విచారణకెందుకు వెళ్ళలేదయ్యా?" అని ఆమె సకియుసాను అడిగారు.

"అన్న పోయాడమ్మా. మా ఆచారం ప్రకారం, పోయిన నూరో రాత్రి గడిచేదాకా సముద్రం దాటనని ఒట్టేసుకున్నా. గడువిమ్మని ఆ మధ్యవర్తులకు రాశాను."

ఆమె కంపెనీ లాయరు దవీంద్ర వైపు తిరిగారు. "వాళ్ళేమన్నారు?"

"ఏమీ అనలేదు మేడమ్. విచారణ ముగించేశారు."

"కుదరదని కూడా అనలేదా? ఇంట్లో మీ ఆవిడ ఏదైనా అడిగితే ఇలాగే ఊరుకుంటారా?"

"ఊరుకుంటే ఆ పూట తిండి ఉండదు మేడమ్!"

అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. "తప్పెవరిదో నేను తేల్చను. ఈయన మాట విన్నారా లేదా, అంతే చూస్తాను. వినలేదు." అప్పుడు కలం తీసి, అమలు కుదరదని వ్రాశారు.

మరుసటి ఏడు కొత్త మధ్యవర్తులు సకియుసా చెప్పినదంతా విని, మళ్ళీ కంపెనీకే అనుకూలంగా తీర్పిచ్చారు. ఈసారి అమలు ఉత్తర్వుపై మెరెసియానాగారే సంతకం చేశారు. సకియుసా అభ్యంతరం చెప్పలేదు. రేవు తాళాలు తానే తెచ్చి అప్పగించాడు.