ప్రసంగం మధ్యలో పుల్పిట్ దిగిన మాస్టారు

ప్రసంగం మధ్యలో ఆపి, చర్చిలో ప్రసంగ వేదికైన పుల్పిట్ దిగి, ఒంటిమీది నల్లంగీతోనే ఊరంతా దాటి వెళ్లి, సొంత తమ్ముడితో తేల్చుకొని, తిరిగొచ్చి, వదిలిన వాక్యాన్ని వదిలిన చోటే అందుకున్న బోధకుడు ఈ భూమ్మీద ఒక్కడే పుట్టాడు. ఆయన వెళ్లొచ్చేలోగా సభలో ఒక జంటకు సంబంధం కుదిరింది, ఒక పసివాడు నడక నేర్చాడు, వెనక బెంచీలో కునుకు తీసిన ముసలాయన మేలుకొని, ఇది అదే ఆదివారమా, తర్వాతి ఆదివారమా అని పక్కవాణ్ని అడిగాడు.

సరే, కొంత తగ్గించుకుందాం. ఊరంతా కాదు, రెండు మూడు వీధులు. పసివాడు అప్పటికే గోడ పట్టుకొని నడుస్తున్నాడు. సంబంధం సంగతి ఆ పెళ్లివారినే అడగాలి. కానీ మాస్టారు వెళ్లిన మాట నిజం, వచ్చిన మాట నిజం.

ఆయన లూథరన్ సెమినరీలో ప్రసంగశాస్త్రం చెప్పే మాస్టారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి కొన్నేళ్లయిన కాలం. కాబోయే బోధకులకు ప్రసంగం ఎలా కట్టాలో, గొంతు ఎక్కడ దించాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నేర్పడం ఆయన ఉద్యోగం. ప్రసంగానికి రెండు కాళ్లుంటాయని చెప్పేవాడు. మొదటిది ధర్మశాస్త్రం, మనిషికి వాడి తప్పు చూపించేది. రెండోది సువార్త, ఆ తప్పుకు క్షమాపణ దొరికిందని చెప్పేది. ఇంత తెలిసిన మనిషి తాను పుల్పిట్ ఎక్కితే మాత్రం మొదటి కాలి మీదే గెంతేవాడు. జనాన్ని ఉతికి, పిండి, ఆరేసేసరికి వేళ మించిపోయేది. సువార్త చివర్లో, కదిలే రైలు కిటికీలోంచి అందించిన మూటలా, అందినవాడికి అందేది. విద్యార్థులు ఆయన్ను వెనకాల 'మొదటి పాయింటు మాస్టారు' అనేవారు. ఆయనకు ఆ పేరు తెలుసు. తెలియనట్టుండటం కూడా ఆయనే నేర్చుకున్నాడు.

ఆయన పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. పుల్పిట్ మీద 'నేను' అనకూడదు. "జనం మీ సంగతులు వినడానికి రాలేదు నాయనా. మీరు కిటికీ. కిటికీ తన గురించి మాట్లాడకూడదు," అనేవాడు. అభ్యాస ప్రసంగంలో ఎవడైనా "నేను చిన్నప్పుడు" అని నోరు తెరిస్తే చాలు, మాస్టారి బల్లమీది గంట టింగుమనేది. ఆ గంటకు జడిసి ఒక కుర్రాడు పెళ్లిలో 'నేను ఈమెను స్వీకరిస్తున్నాను' అనడానికి కూడా తటపటాయించాడంటారు. అది నమ్మకపోయినా ఫర్వాలేదు.

ఆయన తమ్ముడు కూడా అదే సెమినరీలో చదివాడు. చదువు ముగిశాక, బోధకుడిగా అభిషేకించే ముందు ఒక పరీక్ష ఉంటుంది. అభ్యర్థి ప్రసంగం చెప్పాలి, తర్వాత సిద్ధాంతం మీద అడిగిన ప్రశ్నలకు జవాబివ్వాలి. తమ్ముడు ఆ రోజు కొత్త సంగతేమీ చెప్పలేదు. బయట ఎవరో ఇప్పుడే ఒక మంచి కబురు చెబితే, చెప్పులు విడవడం కూడా మరిచి లోపలికి పరుగెత్తుకొచ్చినవాడిలా చెప్పాడు. వంటమనిషి గిన్నెలు వదిలేసి గుమ్మంలో నిలబడిపోయాడు. అయిపోయాక హాల్లో కుర్చీ కదలలేదు.

తర్వాత ప్రశ్నలు. ప్రభువు బల్లలో, అంటే ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షరసాల్లో, ప్రభువు ఎలా ఉన్నాడో వివరించమన్నారు. "ఎలా ఉన్నాడో చెప్పలేనండీ. ఉంటానన్నాడు కాబట్టి ఉన్నాడు," అన్నాడు తమ్ముడు. పరీక్షకుల్లో ఒకాయన చాలన్నాడు, ఒకాయన చాలదన్నాడు. మూడో పరీక్షకుడు మాస్టారు. హాలు నిండా జనం చూస్తుండగా, చాలదన్న వైపు చెయ్యెత్తాడు.

తమ్ముడు సెమినరీ మెట్లు దిగి దుకాణాలకు బోర్డులు రాసే పనిలో చేరాడు. ప్రభువు బల్ల దగ్గరికి రావడం మానేశాడు. అన్న ఇంటికి రావడమూ మానేశాడు. మాస్టారు ఆ సిద్ధాంతం మీద పెద్ద గ్రంథం మొదలుపెట్టాడు. జర్మన్ నిఘంటువులు తెప్పించాడు, పాత సంఘాల తీర్మానాలు తవ్వాడు, ఫుట్‌నోట్లు పేజీలో సగానికి ఎగబాకాయి. "ఇంతకీ ఈ పుస్తకం ఎవరికి జవాబండీ?" అని భార్య ఒకసారి అడిగింది. "పండితలోకానికి," అన్నాడాయన. "ఆ లోకం మన రెండో వీధిలోనే ఉన్నట్టుంది," అని ఆమె ఖాళీ కప్పు తీసుకొని వెళ్లింది.

లూథరన్ బోధకుడు తనకు నచ్చిన వాక్యం ఎంచుకోడు. ఏ ఆదివారానికి ఏ పాఠమో ముందే నిర్ణయమై ఉంటుంది. వేసవి పోయాక ఒక ఆదివారం వచ్చే పాఠం మాస్టారికి ఏటేటా గండం. కానుక పట్టుకొని బలిపీఠం ముందుకొచ్చినవాడికి తన సోదరుడికి తనమీద విరోధముందని అక్కడ గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి, ముందు వెళ్లి వాడితో సమాధానపడి రావాలని ఆ పాఠం చెబుతుంది. ఆ ఆదివారం దగ్గరపడేసరికి మాస్టారికి ఏదో పొరుగూరి పని తగిలేది. అలా ఏళ్లు నెట్టుకొచ్చాడు. ఆ ఏడు సెమినరీ పక్క చర్చి బోధకుడు కాలు విరగ్గొట్టుకున్నాడు. మిగిలినవాళ్లందరికీ ముందే పనులున్నాయి. "మీరే కానివ్వాలి," అన్నాడు ప్రిన్సిపాల్.

వారమంతా ఆయన గదిలో టైప్‌రైటర్ నాలుగు మాటలు కొట్టడం, ఆగడం, కాగితం లాగిన చప్పుడు. తిండి సయించలేదు. శనివారం భార్య గుమ్మంలో నిలబడింది.

"మొదటి పాయింటు అయిందా?"

"అయింది."

"రెండోది?"

"రావడం లేదు."

"రెండోది ఆ గదిలో దొరకదేమో చూడండి," అందామె. ఆయన తలుపు వేసుకున్నాడు.

ఆదివారం చర్చి నిండింది. ముందు వరసల్లో సెమినరీ విద్యార్థులు, పక్కన సంఘ పెద్దలు, హార్మోనియం ముందు భార్య. మాస్టారు పాఠం చదివి పుల్పిట్ ఎక్కాడు. గొంతు బాగానే లేచింది.

"వాక్యాన్ని సరిగ్గా చూడండి. సోదరుడి మీద నీకు కోపం ఉంటే అని కాదు ఇక్కడున్నది. సోదరుడికి నీమీద ఉంటే అని. గాయపడినవాడు కాదు, గాయపరచినవాడు లేవాలి. వాడు వస్తాడేమోనని వీడు కూర్చోకూడదు. కాబట్టి కానుక అక్కడే వదిలి..."

అక్కడ ఆగిపోయాడు. కాగితంలో తర్వాతి మాట ఉంది. కళ్లకు కనబడుతోంది. నోరు మాత్రం కదలలేదు. ఇన్నేళ్లుగా ఎదుటివాళ్ల మీదికి విసిరిన మొదటి పాయింటు అంతా గోడకు కొట్టిన బంతిలా వచ్చి ఆయన గుండెకే తగిలింది. జనం దగ్గడం మానేశారు.

ఆయన కాగితాలు అక్కడే పెట్టి, మెట్లు దిగి, నడవలోంచి నడిచి, తలుపు తీసుకొని బయటికి వెళ్లిపోయాడు.

సంఘ పెద్ద ఒకాయన హార్మోనియం దగ్గరికి వంగి గుసగుసగా అడిగాడు. "అమ్మగారూ, అయ్యగారికి కడుపులో ఏమైనా..."

"మీరు పాటల పుస్తకం తెరవండి," అని ఆమె పుస్తకంలోకెల్లా పొడవైన కీర్తన అందుకుంది.

వీధిలో నల్లంగీ, మెడకింద తెల్ల పట్టీలు చూసి ఒకాయన పరుపు దులపడం ఆపాడు. "ఎవరు పోయారండీ?"

"ఇంకా ఎవరూ పోలేదు," అన్నాడు మాస్టారు, ఆగకుండానే.

ఆదివారం దుకాణం మూసి ఉంటుంది కాబట్టి చెప్పుల షాపు బోర్డుకు అదే అదను. తమ్ముడు నిచ్చెన మీదున్నాడు. రంగు డబ్బా మెట్టుకు కొక్కెంతో వేలాడుతోంది. గుడ్డ చుట్టిన కర్రమీద చెయ్యి ఆనించి, సుద్ద గీతల మధ్య ఎర్ర అక్షరం నింపుతున్నాడు. కిందికి ఒకసారి చూసి మళ్లీ పనిలో పడ్డాడు.

"ఆదివారం కదా అన్నయ్యా. నీ దుకాణం తెరిచి ఉండాలే."

"ఒకసారి దిగరా."

"రంగు ఆరిపోతుంది. అక్కణ్నించే చెప్పు. ఎప్పుడూ పైనుంచే చెబుతావు, ఇవాళ కిందనుంచి చెప్పి చూడు."

"నీకు నామీద కోపం ఉంది."

"ఆహా! ఎన్ని పుస్తకాలు తిరగేస్తే దొరికింది?"

"ఆ రోజు నువ్వు చెప్పిన జవాబులో లోటుంది. బల్ల విషయంలో మన సంఘం మొదట్నించీ..."

"పక్కకు జరుగు. రంగు పడుతుంది."

మాస్టారు జరగలేదు. పాత తీర్మానాలు చెప్పాడు, వాటిమీద పండితుల వాదాలు చెప్పాడు. ఎర్ర చుక్క ఒకటి భుజంమీద పడింది, తుడుచుకోలేదు. పైన కుంచె తన దారిన తాను నడుస్తోంది. చెబుతూ చెబుతూ చెప్పాల్సినవన్నీ అయిపోయాయి. ఇన్నేళ్లు ఆ గ్రంథమంతా దేనిమీద కప్పి ఉంచాడో అదొక్కటే అడుగున మిగిలింది.

"నీ ప్రసంగం బాగుంది," అన్నాడు.

కుంచె ఆగింది. "ఏమన్నావు?"

"ఆ రోజు నీ ప్రసంగం బాగుంది. నాకు జన్మలో అలాంటిది ఒక్కటి రాలేదు. అందుకే చెయ్యెత్తాను. నీ జవాబు కోసం కాదు."

తమ్ముడు కుంచెను డబ్బాలో పెట్టాడు. మాట్లాడినప్పుడు గొంతులో వెటకారం లేదు.

"ఇన్నేళ్లూ నేనేమనుకున్నానో తెలుసా? నా విశ్వాసంలోనే ఏదో పుచ్చు ఉందనుకున్నాను. మా అన్నయ్య అంతటివాడు కాదన్నాడంటే ఉండే ఉంటుందని వెతుక్కున్నాను. ఏమిటలా ఉన్నావని మీ మరదలు అడిగితే పంటినొప్పి అనేవాణ్ని."

"క్షమించరా."

"చెయ్యెత్తింది ఈ నిచ్చెన కింద కాదు కదా. హాలు నిండా జనం ఉండగా. చెప్పేదీ అక్కడే చెప్పు."

"పుల్పిట్ మీదనా? పుల్పిట్ మీద 'నేను' అనకూడదురా. నేనే పెట్టిన నియమం."

"అయితే వెళ్లి ఆ నియమంతోనే సమాధానపడు. నా దగ్గరికెందుకొచ్చావు?"

మాస్టారు వెనుదిరిగాడు. దారిలో ఇల్లు వచ్చింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటే ఎవరేమంటారు, ఒంట్లో బాగాలేదనుకుంటారు అనుకున్నాడు. గేటు మీద చెయ్యి కూడా వేశాడు. చర్చిలోంచి పాట వినబడుతోంది. అరిగిపోయిన గొంతులతో, అదే కీర్తన మళ్లీ మొదటినుంచి.

ఆయన పుల్పిట్ ఎక్కేసరికి హార్మోనియం ఆగింది. వెనక తలుపు దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు, చేతులకు ఎర్రరంగు, లోపలికి అడుగు పెట్టకుండా.

"...కానుక అక్కడే వదిలి, ముందు వెళ్లాలి," అన్నాడు మాస్టారు. "ఒక మనిషి ఉండేవాడు. అతడి తమ్ముడు గొప్పగా ప్రసంగించాడు. అతడు అసూయపడ్డాడు. ఆ అసూయకు సిద్ధాంతమని పేరు పెట్టి, తమ్ముడికి బోధకుడి పని దక్కకుండా చేశాడు."

జనం తల పంకించారు. మంచి దృష్టాంతం అనుకున్నారు. ఒక విద్యార్థి రాసుకున్నాడు కూడా. తలుపు దగ్గర తమ్ముడు తల అడ్డంగా ఊపి, వెళ్లడానికి పక్కకు తిరిగాడు.

"ఆ మనిషి," అన్నాడు మాస్టారు. కాగితాలు పక్కకు నెట్టాడు. "ఆ మనిషి నేనే."

సంఘ పెద్ద చేతిలోంచి పాటల పుస్తకం జారి పడింది. రాసుకుంటున్న విద్యార్థి పెన్ను పైకెత్తాడు. మాస్టారు ఇంకేం చెప్పలేదు. క్షమాపణ దొరికిందనే రెండో పాయింటు ఇతరులకు చెప్పేదే గాని తనకు తాను చెప్పుకునేది కాదు. ఎవరైనా చెబుతారేమోనని అక్కడే నిలబడ్డాడు. ఎవరూ చెప్పలేదు. తమ్ముడు ఆ మాట విన్నాడు, విని వెళ్లిపోయాడు. చివరికి భార్యే పాట అందుకుంది.

సెమినరీ పెద్దలు సమావేశమయ్యారు. ఆరాధన మధ్యలో వదిలి వెళ్లినందుకు మాస్టారిని కొంతకాలం పుల్పిట్‌కు దూరం పెట్టారు, పరీక్షకుల సంఘంలోంచి తీసేశారు. తమ్ముడి సంగతి మళ్లీ చూడమని ఆయన బతిమాలాడు. వయసు మీరిందన్నారు, పైగా ఆదివారం పూట బోర్డులు రాస్తాడన్నారు. పోయింది పోయినట్టే ఉండిపోయింది. గ్రంథం అలమారులోకి వెళ్లింది. మాస్టారు రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని గేటు వైపు చూసేవాడు, చూడనట్టు.

వానలు వెనకబట్టాక ఒకనాడు తమ్ముడు చెప్పాపెట్టకుండా వచ్చి కుర్చీ లాక్కున్నాడు. మాస్టారి భార్య టీ ఇచ్చింది. ఒక గుక్క తాగి, "వదినా, ఇందులో పంచదార వేశావా, వేసినట్టు అనుకున్నావా?" అన్నాడు. క్షమాపణ మాట ఎవరూ ఎత్తలేదు. వారం వారం రావడం మాత్రం మానలేదు. ప్రభువు బల్ల దగ్గరికి మళ్లీ వచ్చాడా లేదా అన్నది ఆ ఇంట్లో ఎవరూ చెప్పరు.

అన్నదమ్ములిద్దరూ ముసలివాళ్లయ్యాక, ఇల్లంతా మనవలతో నిండిన ఒక మధ్యాహ్నం, ఎవరో ఈ కథ మొదలుపెట్టారు. మాస్టారు చివరిదాకా విన్నాడు.

"అంతా కట్టుకథ. పుల్పిట్ ఎక్కాక ప్రసంగం ముగించకుండా నేనెప్పుడూ దిగలేదు. ఏ నిచ్చెన దగ్గరికీ పోలేదు. అలాంటి ఆదివారమే లేదు."

పిల్లలు చిన్నతాత వైపు చూశారు. ఆయన టీ కప్పులో చెంచా తిప్పుతున్నాడు.

"నా ప్రసంగం బాగుందని కూడా అనలేదా అన్నయ్యా?"

"అనలేదు," అన్నాడు మాస్టారు, పంచదార డబ్బా తమ్ముడి వైపు జరుపుతూ.